శక్తి కూడా అమానతే

ఫజ్ర్ నమాజు తర్వాత కావలి నుంచి తుమ్మలపెంట దారిలో పరుగెత్తడం నాకు కొన్నేళ్ళ అలవాటు. పరుగు గుండెకూ, ఊపిరికీ బలమిస్తుంది. బరువెత్తే శక్తి మాత్రం దానితో రాదు. ఇంట్లో జారిపడిన మా అమ్మను లేపి మంచం మీదికి చేర్చవలసి వచ్చిన రోజున ఈ తేడా తెలిసింది. వయసు పెరిగేకొద్దీ కండబలం క్రమంగా తరుగుతుంది. అందుకే పెద్దవాళ్ళు వారానికి కనీసం 2 రోజులు కండరాలను బలపరచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

దీనికి జిమ్ అక్కరలేదు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం, 5 కిలోల బియ్యం సంచిని నడుము వంచక మోకాళ్ళు వంచి ఎత్తడం – ఒక్కొక్కటి 10 సార్లు చాలు. మధ్యలో ఒక రోజైనా విరామమివ్వాలి. తేలికనిపించాక బరువు కొద్దిగా పెంచాలి. వైద్యుని సలహాతో అమ్మ కూడా కుర్చీ వ్యాయామం ప్రారంభించారు.

బలహీనుడైన విశ్వాసి కంటే బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని, ఇద్దరిలోనూ మేలుందని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బలంలో ఈమాన్ బలమే ప్రధానమని ధర్మవేత్తలు వివరించారు. అయితే తల్లిదండ్రుల సేవకు భుజబలమూ అవసరమే. దేహం అల్లాహ్ మనకప్పగించిన అమానతు. వారిని లేపి నిలబెట్టగలిగేలా దానిని కాపాడుకోవడం సంతానం బాధ్యత.