రాత్రి ఎనిమిదింటికి చూడాలి

పాడేరు చుట్టుపక్కల కొండ ఊళ్లలో సిమ్ వేసే రౌటర్లు, ఇంటి కప్పు మీద యాంటెన్నాలు బిగించడం నా పని. ఇక్కడ చాలా ఇళ్లకి ఫైబర్ రాలేదు. వచ్చిన చోట కూడా గాలివానకి చెట్టు పడితే తెగుతుంది, అతికేవాళ్లు కొండెక్కి వచ్చేదాకా అంతే. పిల్లల క్లాసులకీ, సచివాలయం దరఖాస్తులకీ, కాఫీ ఆరబెట్టే కళ్లం దగ్గరి కెమెరాకీ సెల్ టవరే దిక్కు.

"ఫోన్లో గీతలు నిండా ఉన్నాయి బాబూ, నెట్టు మాత్రం తిరుగుతూనే ఉంటాది" అంటారు పిలిచినవాళ్లు. గీతలు చెప్పేది సిగ్నలు బలం ఒక్కటే. వారపు సంతలో మనిషి ఎంత గట్టిగా అరిచినా చుట్టూ రొద ఉంటే మాట తెలియదు కదా! రౌటర్ సెట్టింగుల్లో ఈ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. బలం ఆర్‌ఎస్‌ఆర్‌పీ, తేటదనం ఎస్‌ఐఎన్‌ఆర్. బలం మైనస్ 105 ఉన్నా తేటదనం 15 ఉన్న ఇల్లు, మైనస్ 85 బలంతో 2 తేటదనం ఉన్న ఇంటికన్నా బాగా నడవడం ఎన్నోసార్లు చూశాను.

కొండల్లో ఇంకో చిక్కు ఉంది. 850, 900 మెగాహెర్ట్జ్ సిగ్నలు దూరం పోతుంది, చెట్లనీ గోడలనీ కొంత దాటుకుని వస్తుంది. కానీ దాని దారి ఇరుకు, జనం ఎక్కితే నిండిపోతుంది. 2300 దారి వెడల్పు, అయితే కాఫీ తోటకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ వరస అడ్డొస్తే చాలు, సన్నబడిపోతుంది. వానకి ఆకు తడిస్తే మరీను. ఎండాకాలంలో బిగించి బాగుందనుకున్నది శ్రావణంలో మొరాయించేది అందుకే.

కేబుల్ విషయంలో నేను పట్టు వదలను. సన్న యాంటెన్నా కేబుల్ పది మీటర్లు లాగితే 2300 దగ్గర సగానికి పైగా బలం దారిలోనే పోతుంది. అందుకని రౌటర్నే చూరు కింద పెట్టెలో, యాంటెన్నా పక్కన పెట్టి, లోపలికి ల్యాన్ కేబుల్ దించుతాను. ఖర్చు కొంచెం ఎక్కువే. "హాల్లో టీవీ పక్కన ఉంటే అందంగా ఉంటది అన్నా" అన్నా ఒప్పుకోను.

పగలు పదకొండింటికి స్పీడు చూపించి డబ్బు తీసుకోవడం సులువు. పొలాల్లో, తోటల్లో ఉన్న జనం ఇళ్లకి చేరి ఫోన్లు పట్టేది రాత్రి ఏడు దాటాక. అదే టవరు అప్పుడు పదో వంతు కూడా ఇవ్వకపోవచ్చు. అందుకే ఎనిమిదింటికి మళ్లీ చూసిగానీ లెక్క తేల్చను. ఆ వేళ దగ్గరి టవరు వైపు నుంచి యాంటెన్నా తిప్పి, పక్క లోయలోని దూరపు టవరు మీద నిలిపితే నెట్టు లేచి వచ్చిన ఇళ్లు ఉన్నాయి. గీతలు తగ్గాయని ఇంటివాళ్లు కంగారు పడతారు. వీడియో ఆగకుండా నడిచేసరికి నమ్ముతారు.

కొన్ని ఊళ్లలో యాంటెన్నా ఎటు తిప్పినా లాభం లేదు. అక్కడ టవరుకే ఫైబర్ లేదు, కొండ మీంచి కొండకి మైక్రోవేవ్ డిష్షులతో వచ్చేదాన్ని ఊరంతా పంచుకోవాలి. అలాంటి చోట సరుకు అమ్మను. టవరుకి ఫైబర్ వెయ్యమని పంచాయతీ తరఫున అర్జీ పెట్టమంటాను, అందులో టవరు ఎక్కడుందో, రాత్రి స్పీడెంతో నేనే రాసిస్తాను.