నార్మల్ అన్న కాగితం

దుప్పటి అంచు కాలివేళ్ళకి తగిలినా మంటే. అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు భగభగమంటాయి, తీరా ముట్టుకుంటే చల్లగా ఉంటాయి. మిన్నెసోటా చలికి అందరూ రెండేసి జతల సాక్సులు తొడుక్కుంటే, నేను పాదాలు దుప్పటి బయట పెట్టుకుని పడుకుంటాను.

న్యూరాలజిస్టు ముందుగా కాళ్ళకి కరెంటు షాకులిచ్చి నరాల వేగం కొలిచే పరీక్ష రాశారు. నార్మల్. షుగరు, థైరాయిడ్, బి12 కూడా నార్మల్. ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. నాకైతే ఆ కాగితం చింపెయ్యాలనిపించింది. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ పరీక్షకి అందేది లావు నరాల సంగతే. నొప్పినీ వేడినీ మోసుకెళ్ళే సన్నపోగులు దెబ్బతింటే అందులో కనబడదు. దానికి చర్మం ముక్క తీసి చూడాలి. చీలమండకి పది సెంటీమీటర్ల పైన ఒకటి, తొడ మీద ఒకటి, మూడు మిల్లీమీటర్ల గుండ్రటి ముక్కలు. కుట్లు కూడా వెయ్యలేదు, బ్యాండేజీ అంటించి పంపేశారు. మైక్రోస్కోపు కింద నరాల కొసలు లెక్కపెడితే ఉండాల్సినన్ని లేవు. జబ్బు ఉందని తేలినందుకు ఎవరైనా సంతోషిస్తారా? నేను సంతోషించాను.

మరి ఆ కొసలు ఎందుకు తగ్గినట్టు? రక్తంలో ఏఎన్ఏ అనే యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ కొందరికి వస్తుందట. రుమటాలజిస్టు అనుమానం షోగ్రెన్స్ మీద. మన రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద పడే జబ్బు అది, నరాలనీ వదలదు. కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. ఐదు మిల్లీమీటర్లకి మించి తడవకపోతే కన్ను ఎండినట్టు లెక్క. నాది ఎటూ తేలలేదు. షోగ్రెన్స్‌కి చూసే యాంటీబాడీలు నెగెటివ్. అయినా షోగ్రెన్స్ కాదని కొట్టెయ్యలేం, పెదవి లోపలి గ్రంథులకి బయాప్సీ చేద్దామన్నారు.

విజయవాడలో ఉన్న అమ్మకి ఇదంతా చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు. 2022లో హీరోయిన్ సమంత తనకి మయోసైటిస్ అని చెప్పినప్పట్నుంచీ ఆటోఇమ్యూన్ అన్న మాట మా వీధిలో అందరికీ తెలుసు.

"సమంతకొచ్చిందేనా?"

"ఆవిడకి కండరాలకమ్మా. నాకు నరాలకి."

"అయితే నీకే నయమా?"

ఏం చెప్పను!

ఇక్కడి స్నేహితుల సలహాలు ఇంకో రకం. ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, ఎక్కించుకోమని ఒకాయన పట్టుబట్టారు. దాని ఖరీదు అలా ఉంచితే, కారణం తెలియని ఇలాంటి జబ్బున్న 60 మంది మీద నెదర్లాండ్స్‌లో పరీక్షించి చూశారు. ఉత్తుత్తి మందుకంటే ఎక్కువేమీ పని చెయ్యలేదని 2021లో ప్రచురించారు. ఆటోఇమ్యూన్ అని తేలితే అప్పుడు ఆలోచిద్దామని మా డాక్టరు అన్నారు, నాకూ అదే సబబనిపించింది. కారణం దొరికేదాకా నొప్పిని ఓర్చుకోవాలన్న పట్టుదల మాత్రం నాకు లేదు. గాబాపెంటిన్ వేసుకుంటే మీటింగుల్లో కునుకు పట్టేది. డ్యూలోక్సెటిన్‌కి మార్చాక నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోతున్నాను. మేపుల్ గ్రోవ్ గుడికి సాక్సులతోనే వెళ్తున్నాను, అంతసేపు భరించగలుగుతున్నాను.

బయాప్సీకి ఇన్సూరెన్సు వాళ్ళ అనుమతి ఇంకా రాలేదు. దాని అవసరమేమిటో రాసి పంపమని అడిగారు. డాక్టరు రాశారు, నేనూ చర్మం రిపోర్టు జతచేశాను.