దేశం దాటని బొమ్మ

వేలం వెబ్‌సైట్లలో పెయింటింగ్‌లు చూడటం నాకో కాలక్షేపం. కొనేది లేదు, పాడేది లేదు. ధర పక్కన సున్నాలు లెక్కపెట్టుకోవడం, నిట్టూర్చడం, అంతే. అలా ఓసారి నికొలస్ రోరిక్ గీసిన హిమాలయాల దగ్గర ఆగాను. కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఇది జాతీయ కళానిధి, భారతదేశం దాటించడానికి వీల్లేదు.

రవివర్మ బొమ్మ కింద ఆ మాట ఉంటే సరే. రోరిక్ రష్యన్. పుట్టింది 1874లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. ఆయన బొమ్మ మన నిధి ఎలా అయింది?

దీనికి మూలం 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం. వందేళ్లు దాటిన కళాఖండమైతే పురావస్తువు. అంత పాతది కాకపోయినా, గీసిన మనిషి చనిపోయాక, దాని విలువను బట్టి కేంద్రం కళానిధిగా ప్రకటించొచ్చు. అలా తొమ్మిది మంది చిత్రకారుల బొమ్మలకి ఆ హోదా వచ్చింది. రవివర్మ, ముగ్గురు టాగూర్లు, నందలాల్ బోస్, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్, శైలోజ్ ముఖర్జీ, వాళ్ల సరసన మన రోరిక్. దేశంలో ఎవరికైనా అమ్ముకోవచ్చు. బయటికి పంపే హక్కు మాత్రం కేంద్రానిది, అది అనుమతించిన సంస్థది. మనం పంపితే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా.

ఇక్కడే నాకు ఇబ్బంది మొదలైంది. నాది గుంటూరు. అమరావతి శిల్పాలు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయంటే కడుపు మండుతుంది. మావి మాకిచ్చేయండి అనే నేను, ఒక రష్యన్ గీసిన బొమ్మకి ఇక్కడ తాళం వేస్తే చప్పట్లు ఎలా కొట్టను?

ఇటలీ ఇలాంటి పనే చేసి కోర్టు దాకా వెళ్లింది. వాన్ గో 1889లో ఫ్రాన్స్‌లో ఒక తోటమాలి బొమ్మ వేశాడు. అది రోమ్‌లో ఒకాయన దగ్గరికి చేరింది. 1954లో ప్రభుత్వం దానిపై ప్రత్యేక ఆసక్తి ప్రకటించింది. 1977లో స్విట్జర్లాండ్ డీలర్ ఎర్నెస్ట్ బేయెలర్ తన పేరు బయటపెట్టకుండా, మధ్యవర్తి ద్వారా 60 కోట్ల లీరాలకి కొన్నాడు. 1988లో వెనిస్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంకి 85 లక్షల డాలర్లకి అమ్మబోతే, ముందుగా కొనే హక్కు మాదంటూ ఇటలీ అడ్డుపడింది. ఇచ్చిందెంత? పాత ధరే, 60 కోట్ల లీరాలు. అంటే 5 లక్షల డాలర్ల లోపు!

బేయెలర్ యూరప్ మానవ హక్కుల కోర్టుకెక్కాడు. 2000లో తీర్పొచ్చింది. అసలు కొనుగోలుదారు ఎవరో 1983లోనే తెలిసినా, ఐదేళ్లు ఊరుకుని పాత ధరకి లాక్కోవడం అన్యాయమంది కోర్టు. 2002లో 13 లక్షల యూరోల పరిహారం ఇప్పించింది. కానీ బొమ్మ రోమ్‌లోనే ఉండిపోయింది. ఎందుకంటే అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. చట్టబద్ధంగా తమ గడ్డ మీదున్న ప్రపంచ కళాఖండాన్ని జనానికి అందుబాటులో ఉంచాలని ఒక దేశం అనుకోవడం తప్పు కాదని.

చట్టబద్ధంగా, జనానికి. నా చిక్కుముడి ఆ రెండు మాటల దగ్గరే విడింది.

అమరావతి రాళ్లు తమంతట తాము ఓడ ఎక్కలేదు. పరాయి పాలనలో తరలిపోయాయి. రోరిక్ అలా కాదు, కోరి వచ్చాడు. కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి, ఆ కొండల్ని గీస్తూ గీస్తూ 1947లో అక్కడే కన్నుమూశాడు. విశాఖలో పుట్టిన దేవికారాణి ఆయన కోడలు. ఆ మనిషి మనవాడు కాకపోతే ఇంకెవరు? నా దృష్టిలో బొమ్మ దేశం ఏదో తేల్చేది గీసినవాడి పుట్టిన ఊరు కాదు, అది ఏ దారిన వచ్చిందన్నదే.

మిగిలింది రెండో మాట. మన చట్టం బొమ్మని గడప దాటనివ్వదు, నిజమే. కానీ కొన్నాయన దాన్ని ముంబైలో లాకర్‌లో పెట్టేస్తే? అదీ చట్టబద్ధమే! తగిన పరిహారమిచ్చి ప్రజల కోసం తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. దాన్ని వాడకుండా ఉత్త తాళం వేస్తే, యజమానికి ధర పోతుంది, మనకేమో బొమ్మ కనపడదు. మనదే అని పట్టుబట్టే హక్కు, దాన్ని మనకి చూపించినప్పుడే నిలబడుతుంది.

బెంగళూరు చిత్రకళా పరిషత్‌లో రోరిక్‌ల గ్యాలరీ ఉంది. ఈసారి అటు వెళ్తే ఓ గంట కేటాయించండి. మీ పేరు మీద దాచిన సొత్తు అది.