ఆగిన లిఫ్టు

రాకెట్టు ఎగరడం చూద్దామని వెళ్ళి, లిఫ్టులో ఇరుక్కుని వచ్చినవాళ్ళు దేశంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేనూ, మా ఆవిడా, ఎనిమిదేళ్ళ మా మనవడూ మాత్రం ఉన్నాం.

2019 జూలై 15 నాటి సంగతి. తెల్లవారుజామున 2-51కి చంద్రయాన్-2 ప్రయాణానికి ముహూర్తం. మా బావమరిది కాపురం సూళ్ళూరుపేటలో. అప్పుడది నెల్లూరు జిల్లా. 2022లో శ్రీహరికోటతో పాటు తిరుపతి జిల్లాలో చేరింది. రాత్రే పులికాట్ మీది రోడ్డు దాటి శ్రీహరికోట చేరాం. ఆ ఏడాదే జనం కోసం తెరిచిన గ్యాలరీలో మంచి చోటే దొరికింది. మనవడు వేళ్ళు మడిచి నిమిషాలు లెక్కపెడుతున్నాడు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా లెక్క ఆగిపోయింది. ఏదో సాంకేతిక లోపమట, ఈ రాత్రికి లేదన్నారు. రాకెట్టును నేనే పాడుచేసినట్టు వాడు నా వంక చూశాడు.

నిద్రకళ్ళతో బావమరిది ఇంటికి తిరిగివచ్చేసరికి తూరుపు తెల్లబడుతోంది. ఇల్లు నాలుగో అంతస్తులో. మా ఆవిడకు లిఫ్టంటే మొదటినుంచీ గిట్టదు. "మెట్లెక్కుదాం పదండి" అంది. "ఈ కాలంలో పుట్టవలసినదానివి కావు" అని నవ్వి లోపలికి లాక్కెళ్ళాను. రెండో అంతస్తు దాటామో లేదో కరెంటు పోయింది. లిఫ్టు ఒక్క కుదుపుతో నిలిచిపోయింది. చిమ్మచీకటి.

"తాతా, కింద పడిపోతామా?" అన్నాడు మనవడు. "ఛ, ఛ" అన్నాను గాని, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గాలి అయిపోతుందా?" అన్నాడు మళ్ళీ. దానికి నా దగ్గర "ఛ, ఛ" కూడా లేదు.

మా ఆవిడ సంచీలోంచి ఫోను తీసి వెలుగు చూపించింది. గంట బొత్తాం నొక్కింది. తమ్ముడికి ఫోను చేసి, ఏ అంతస్తుల మధ్య ఉన్నామో, ఎంతమందిమో చెప్పింది. పిల్లవాణ్ణి కింద కూర్చోబెట్టి తానూ పక్కన చతికిలబడింది.

నేను కూర్చోలేదు. మగవాణ్ణి కదా! రెండు చేతులా తలుపు నెట్టి తెరిచాను. ఈలోగా వాచ్‌మన్ తాళంచెవితో రెండో అంతస్తు తలుపు తీశాడు. ఎదురుగా చూస్తే, కింది వసారా నేల మా కాళ్ళకు నాలుగడుగుల దిగువన ఉంది. మనిషి పాకి దూరేంత సందు. "బాబును అందించండయ్యా, పట్టుకుంటాను" అన్నాడు వాచ్‌మన్ ఎంతో దయగా. వాణ్ణి ఎత్తి, కాళ్ళు సందులోకి జారవిడిచాను కూడా.

మా ఆవిడ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏమండీ, కోట్ల రూపాయల రాకెట్టునే గంట ముందు ఆపేశారు. మనం అరగంట ఆగలేమా?"

నాకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. నోరు మూసుకుని కూర్చున్నాను.

నలభై నిమిషాలకు మెకానిక్కు వచ్చాడు. ముందు మెయిను స్విచ్చి ఆపేశాడట. కరెంటు హఠాత్తుగా వస్తే లిఫ్టు కదలవచ్చు. సందులో మనిషి ఉంటే ఇక చెప్పనక్కరలేదు. తరవాత పైన బ్రేకు వదులు చేసి, చక్రం చేత్తో తిప్పి మమ్మల్ని నేలమట్టానికి దించాడు. బయటికి వచ్చాక నన్నొకసారి కింద నుంచి చూడమన్నాడు. లిఫ్టు అడుగుకూ వసారా నేలకూ మధ్య ఉన్నది సందు కాదు, బావి. దిగేటప్పుడు పట్టు తప్పి వెనక్కి జారితే నేరుగా రెండంతస్తుల లోతుకు. "లిఫ్టు పడి చచ్చేవాళ్ళు అరుదు సార్. బయటికి దూకబోయి పోయేవాళ్ళే ఎక్కువ" అన్నాడు.

మనవడి ప్రశ్నలకు కూడా అతడే జవాబు చెప్పాడు. లిఫ్టు బ్రేకును కరెంటు విడదీసి ఉంచుతుందట. కరెంటు పోగానే స్ప్రింగులు దాన్ని బిగించేస్తాయి. అంటే మేము ఆగిపోవడమే మాకు రక్ష. మోసేవి ఒకటి కాదు, అనేక తాళ్ళు. వేగం మితిమీరితే పట్టాలను కరిచిపట్టే దవడలు వేరే ఉన్నాయి. 1854లో న్యూయార్కు ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ అనే ఆయన తాను నిలబడిన పలక తాడు తెగగొట్టించి, అది పడకుండా ఆగడం జనానికి చూపించాడు. ఇక గాలంటారా, లిఫ్టు గది సీలువేసిన డబ్బా కాదు. సందులలోంచి గాలి వస్తూనే ఉంటుంది. లోపల ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా 112కు ఫోను చెయ్యాలి.

ఇంతా విన్నాక మెట్లవైపు నడిచాను. "ఎక్కడికండీ? రాత్రంతా కూర్చుని నా మోకాళ్ళు పట్టేశాయి" అని మా ఆవిడ తిన్నగా లిఫ్టులోకి వెళ్ళింది.

జూలై 22 మధ్యాహ్నం 2-43కి, బావమరిది మేడ మీద నుంచి, ఆ రాకెట్టు మబ్బుల్లోకి దూసుకుపోవడం చూశాం. మనవడు చప్పట్లు కొట్టి, "ఆపి బాగుచేశారు గనకే ఎగిరింది కదవ్వా!" అన్నాడు.

నా వంక మాత్రం చూడలేదు.