దిగి, ఎక్కి, దిగి

ఫలక్‌నుమా స్టేషన్‌లో హైటెక్ సిటీకి టికెట్ తీసుకుని చిల్లర లెక్కపెట్టుకుంటే నవ్వొచ్చింది. ఈ రోజుల్లో హైదరాబాద్‌లో ఓ మోస్తరు హోటల్లో ఇరానీ చాయ్ కూడా అంత తక్కువకి రాదు. పాతబస్తీ దక్షిణపు కొస నుంచి ఐటీ కంపెనీల దాకా, నగరం పొడుగునా తీసుకెళ్ళే రైలు అది. అయినా ఆ సంగతి చెబితే మా అక్క కూతురు ఆశ్చర్యపోయింది. "ఎంఎంటీఎస్సా? అది ఇంకా నడుస్తోందా పిన్నీ?" అంది. దాని ఆఫీసు హైటెక్ సిటీలోనే. ఆ పేరుతో ఓ రైల్వే స్టేషన్ ఉందని దానికి వినికిడి మాత్రమే.

నేను పెట్టుకున్న నియమం చిన్నది. సొంత బండి వద్దు, ఫోన్లో పిలిచే క్యాబ్ వద్దు. రైలు, మెట్రో, బస్సు, ఇవేవీ లేనిచోట కాళ్ళు. నగరం ఎంత పెరిగిందో చూడాలంటే ఫ్లైఓవర్ ఎక్కితే చాలంటారు. పైనుంచి అన్నీ బాగానే కనిపిస్తాయి. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కేటప్పుడు మధ్యలో ఏం జరుగుతుందో చూడాలని నా కోరిక.

పొద్దున్నే ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన సీటు దొరికింది. ఉప్పుగూడలో ఎక్కిన ఒకావిడ భుజాన సంచీ, చేతిలో స్టీలు క్యారేజీతో వచ్చి పక్కన కూర్చుంది.

"యాడ దిగుతవమ్మా?"

"హైటెక్ సిటీ."

"నేను గూడ గాడ్నే. డ్యూటీకా?"

"కాదు, ఊరికే. చూద్దామని."

"చూసెతందుకు రైలెక్కినవా!" అని ఎదుటి సీటావిడకి కూడా వినిపించేట్టు నవ్వింది. అక్కడినుంచి మాటలు సాగాయి.

ఆవిడ ఓ ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. తొమ్మిదింటికి పంచ్ కొట్టాలి. పది నిమిషాలు దాటితే సగం రోజు జీతం కోత. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, బస్సులో పోరాదా అని అడిగాను.

"ఫ్రీనే. కానీ మూడు బస్సులు మారాలె. పొద్దుగాల నిలవడనీకె గూడ జాగుండది. ఒక్క బస్సు లేటైతే మూడూ లేటే. రైల్ల పైసలు పెట్టినా కూసొని పోతా."

ఉచితం వదులుకుని డబ్బులు పెట్టి కొనుక్కునేది ఏమిటని చూస్తే, రెండుసార్లు బండి మారకుండా ఉండే వెసులుబాటు. రవాణా మీద నివేదికలు రాసే పెద్దలు ఆవిడ పక్కన ఓ పూట కూర్చుంటే బాగుండు.

యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట దాటాం. మలక్‌పేట దగ్గర రైలు వంతెన కింద రోడ్డు వెళ్తుంది. గట్టి వాన పడిన రోజున అక్కడ నీళ్ళు నిలిచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్ళేవాళ్ళు ఇరుక్కుపోవడం నగరంలో అందరికీ అలవాటైపోయింది. మెట్రో స్టేషన్ కూడా పక్కనే. రైలు దిగి మెట్రో ఎక్కడానికి ఒళ్ళు అలవని చోట్లు ఈ నగరంలో కొన్ని ఉన్నాయి: మలక్‌పేట, ఖైరతాబాద్, భరత్‌నగర్.

మూసీ దాటాక కాచిగూడ ముందర బండి ఆగిపోయింది. పెట్టెలో ఎవరూ తల తిప్పి చూడలేదు. ఒకమ్మాయి ఫోన్లో సినిమా చూస్తూనే "ఎక్స్‌ప్రెస్ పోతది" అంది. ఎంఎంటీఎస్ కష్టమంతా ఈ ఒక్క మాటలో ఉంది. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని అద్వానీ ఈ రైళ్ళను ప్రారంభించారు. మరుసటి ఏడు ఫలక్‌నుమా దాకా వచ్చాయి. కొత్తగా పట్టాలు వేయాల్సిన పని పెద్దగా లేకుండా ఉన్న లైన్లనే వాడుకోవడంతో ఖర్చు కలిసొచ్చింది. టికెట్ అందుకే చవక. కానీ అవే పట్టాల మీద దూరప్రాంతాల రైళ్ళు, గూడ్సు బళ్ళు కూడా నడవాలి. పెద్ద బండి వస్తే చిన్న బండి పక్కకి జరగాల్సిందే. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చిలో ఆగిన ఎంఎంటీఎస్ మళ్ళీ కదిలింది 2021 జూన్‌లో. ఆ మధ్యలో అలవాటు తప్పి బైకుల మీదికి వెళ్ళినవాళ్ళు ఎందరో.

ఎక్స్‌ప్రెస్ వెళ్ళింది. మేం కదిలాం. కాచిగూడ స్టేషన్ 1916 నాటిది, గుమ్మటాలు, మినార్లతో చిన్న దేవిడీలా ఉంటుంది. ఎంఎంటీఎస్ కిటికీలోంచి మాత్రం అదేదీ సరిగ్గా కనబడదు. విద్యానగర్ తర్వాత చెట్లు చిక్కబడ్డాయి. జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజ్ అని ఒకే విశ్వవిద్యాలయానికి రెండు స్టేషన్లు. సికింద్రాబాద్‌లో పెట్టె సగం ఖాళీ అయి, అంతకు రెట్టింపు నిండింది. అక్కడ పాత స్టేషన్ ముఖద్వారం 2025లో కూల్చేశారు. విమానాశ్రయంలాంటి స్టేషన్ లేస్తోంది. క్రేన్ల చుట్టూ, రేకుల కంచెల మధ్యగా జనం సందు వెతుక్కుంటూ పరిగెడుతున్నారు.

బేగంపేట నుంచి పడమటికి వెళ్ళే ఈ లైను వయసు నూటయాభై ఏళ్ళ పైమాటే. నిజాం రాజ్యాన్ని బొంబాయి, మద్రాసు లైనుతో కలపడానికి వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా వేసి 1874లో తెరిచారు. అప్పుడు హఫీజ్‌పేట, లింగంపల్లి పొలాలూ చెరువులూ ఉన్న పల్లెలు. వాటి పక్కన 1998లో సైబర్ టవర్స్ లేస్తుందనీ, ఆ వెనక లక్షల మంది ఉద్యోగులు వస్తారనీ ఎవరు ఊహిస్తారు? తర్వాత వచ్చిన నగరం మాత్రం ఆ పట్టాలకు వీపు పెట్టి కూర్చుంది.

హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగితే ఈ మాట అర్థమవుతుంది. అదే పేరున్న మెట్రో స్టేషన్ అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉంది. పేరొక్కటే, దారి వేరు. కొత్తవాళ్ళు మోసపోతారు. స్టేషన్ బయట షేర్ ఆటోవాళ్ళు "మాదాపూర్, మాదాపూర్, సైబర్ టవర్స్!" అని అరుస్తున్నారు. ముందు సీట్లో డ్రైవర్‌కి చెరో పక్కన ఒకళ్ళు, వెనక ముగ్గురో నలుగురో. ఒక్కొక్కరికీ అడిగే డబ్బు నేను రైలుకిచ్చినదానికంటే ఎక్కువ.

"ఆటోల పోతే జీతమంత గిట్లనే పోతది," అని మా ఉప్పుగూడ ఆవిడ నడక మొదలుపెట్టింది. ఆవిడతోపాటు రైలు దిగిన ఆడవాళ్ళు గుంపుగా కదిలారు. నేనూ కదిలాను. ఫుట్‌పాత్ అని చెప్పుకోదగ్గది కొంత దూరం ఉంది. తర్వాత దాని మీద ఓ టిఫిన్ బండి, ఆ తర్వాత నిలిపి ఉంచిన కార్లు, ఆ తర్వాత మూత లేని మ్యాన్‌హోల్‌లో ఎవరో గుర్తుగా గుచ్చిన చెట్టుకొమ్మ. అక్కడికి రాగానే గుంపు మొత్తం మాట తెగకుండానే రోడ్డు మీదికి దిగి, మళ్ళీ ఎక్కింది. వాళ్ళ పాదాలకి ఆ దారి కంఠతా వచ్చు. నేను ఒక్కదాన్నే కింద చూసుకుంటూ నడుస్తున్నాను.

ఓ అద్దాల భవనం దగ్గర ఆవిడ సంచీలోంచి ఐడీ కార్డు తీసి మెడలో వేసుకుంది. కొంగు సర్దుకుంది. ముందువైపు గేటు కాదు, పక్క సందులో చిన్న గేటు. "పోయొస్త," అని లోపలికి వెళ్ళిపోయింది. సెక్యూరిటీ అబ్బాయి నన్ను చూసి, "మేడమ్, మీకు మెయిన్ ఎంట్రన్స్ అటు," అన్నాడు. నాకు అసలు పనే లేదని చెప్పడానికి మొహమాటమేసి అటే నడిచాను.

సైబర్ టవర్స్ చూస్తే జాలేసింది. పాతికేళ్ళ కిందట పత్రికల్లో, క్యాలెండర్ల మీద హైదరాబాద్ అంటే ఈ గుండ్రటి భవనమే. ఇప్పుడు దాని చుట్టూ లేచినవాటి ముందు పొట్టిగా, కాస్త వెలిసిపోయి, కూడలిలో దారి చెప్పుకోవడానికి గుర్తుగా మిగిలింది. మధ్యాహ్నం మా అక్క కూతురు భోజనానికి వచ్చింది. కొండాపూర్‌లో ఇంటి నుంచి ఆఫీసుకి రావడానికి, నేను రైల్లో సగం నగరం దాటినంత సేపు పట్టిందట. "అయినా ఏసీ ఉంటుంది కదా పిన్నీ," అంది. దాని లెక్క దానిది. దానిదీ, ఉప్పుగూడ ఆవిడదీ, ఇద్దరి లెక్కలూ తప్పు కాదు. ఒకరి చెమట రోడ్డు మీద కారుతుంది, ఇంకొకరి పెట్రోలు రోడ్డు మీద కాలుతుంది.

తిరుగు ప్రయాణం మెట్రోలో. నీలం లైను. దుర్గం చెరువు, పెద్దమ్మ గుడి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, యూసుఫ్‌గూడ అంటూ సాగే ఈ ముక్క గురించి రాయడానికి ఎక్కువ లేదు. చల్లగా ఉంటుంది, సమయానికి వస్తుంది, చెప్పినచోట ఆగుతుంది. ప్రయాణం బాగుంటే యాత్రా రచయితకి సరుకు దొరకదు. ధర మాత్రం సరుకే. 2025లో పెంచి, గొడవయ్యాక కాస్త తగ్గించారు. ఇప్పుడు కనీసం 11 రూపాయలు, గరిష్ఠం 69. ఉప్పుగూడ ఆవిడ ఎందుకు ఎక్కదో వేరే అడగక్కర్లేదు.

అమీర్‌పేటలో మారాలి. నీలం లైనూ ఎర్ర లైనూ ఒకదాని మీద ఒకటి దాటే చోటు అది. రైలు తలుపులు తెరుచుకోగానే జనం మెట్ల మీదికి ఒకేసారి విరుచుకుపడతారు. ఎస్కలేటర్ ముందు ఒక తాతగారు అడుగు వేయనా వద్దా అని ఊగుతున్నారు. వెనకనుంచి కాలేజీ కుర్రాడు ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఇప్పుడు వెయ్యండి తాతా," అని ఎక్కించి, పైన దించి, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు. మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డులు పైనుంచి చూస్తే గోడ కనబడకుండా ఉన్నాయి. ఈ పక్క పాఠం నేర్చుకున్నవాళ్ళే ఆ పక్క అద్దాల భవనాలకి వెళ్తారు. నడుమ ఈ స్టేషన్ ఉంది. ఊరు పెరిగిన తీరు ఇక్కడ నిలబడి చూస్తే తెలిసినంతగా దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద తెలియదని నా అభిప్రాయం.

ఎర్ర లైను మీద ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి దాటి ఎంజీబీఎస్. దిగాను. మూసీ మధ్యలో లంకలాంటి చోట కట్టిన బస్టాండు ఇది. పాతకాలపువాళ్ళు ఇప్పటికీ ఇమ్లీబన్ అనే అంటారు. 2025 సెప్టెంబరు చివర్లో గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే మూసీ పొంగి ఈ బస్టాండులోకి వచ్చేసింది. ప్రయాణికులు రాత్రిపూట చిక్కుకుపోయారు. 1908లో వేలమందిని పొట్టనబెట్టుకున్న వరద కూడా సరిగ్గా సెప్టెంబరు చివర్లోదే. ఆ వరద తర్వాతే ఆ రెండు జలాశయాలూ కట్టారు. అవి నీళ్ళు ఆపడానికి కట్టినవని మనం గుర్తుపెట్టుకుని, ఆపలేనప్పుడు వదిలే నీళ్ళు ఎటు పోతాయో మరిచిపోయి, నది కడుపులో బస్టాండు కట్టుకున్నాం.

మెట్రో ఆకుపచ్చ లైను జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చి ఇక్కడితో ఆగిపోతుంది. మొదటి ప్లాను ప్రకారం ఇంకో అయిదున్నర కిలోమీటర్లు ఫలక్‌నుమా దాకా వెళ్ళాలి. మిగతా లైన్లన్నీ 2020 నాటికే పూర్తయ్యాయి. ఈ ముక్క మిగిలిపోయింది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు. చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు చేస్తామన్నారు. దారిలో దారుల్‌షిఫా, పురానీ హవేలీ, షాలిబండ. రోడ్డు వెడల్పుకోసం 2025 మొదట్లో ఇళ్ళూ దుకాణాలూ పడగొట్టడం మొదలైంది.

ఆ దారి చూడాలని దారుల్‌షిఫా వైపు నడిచాను. కొన్ని దుకాణాలు సగానికి కోసేసి ఉన్నాయి. ఒకచోట మేడమీద గది గోడ పోయి లోపలి ఆకుపచ్చ సున్నం, మేకు, దానికి వేలాడుతున్న క్యాలెండర్ దారిన పోయేవాళ్ళకి కనిపిస్తున్నాయి. కింద మిగిలిన జానెడు గదిలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఉర్దూలోనే మాట్లాడాడు. నష్టపరిహారం చెక్కు ఇంటి యజమానికి వచ్చిందట. ఈయన కిరాయిదారు.

"మెట్రో వస్తే మంచిది కాదా?" అన్నాను నాకొచ్చిన ఉర్దూలో.

"ఎవరు కాదన్నారు? రావాలి. మా అబ్బాయి గచ్చిబౌలిలో డెలివరీ చేస్తాడు. రోజూ బండి మీద అంత దూరం పోతాడు." మిషన్ బాబిన్ గుడ్డతో తుడుస్తూ అడిగాడు, "మీరు దాంట్లోనే వచ్చారా? టికెట్ ఎంత?"

చెప్పాను. ఆయన ఆ అంకెను రెట్టింపు చేసి, నెలలో పనిదినాలతో గుణించి, పైకే లెక్క కట్టాడు. ఆ తర్వాత బైకు మీద పెట్రోలుకి ఎంతవుతోందో లెక్క వేశాడు. పెట్రోలే కాస్త చవగ్గా తేలింది. "అదీ కాక, మెట్రో దిగాక వాడు పార్సిల్ భుజాన వేసుకుని నడవాలి గదా," అని నవ్వి, బాబిన్ మిషన్‌లో బిగించి, చక్రం ఓ చుట్టు తిప్పి చూసుకున్నాడు.