పక్కవాడి మీద భరోసా

క్రీస్తుపూర్వం 430. ఏథెన్స్‌లో వేసవి. స్పార్టా సేనలకు జడిసి పల్లెజనమంతా కోటగోడల లోపలికి వచ్చిపడ్డారు. గాలాడని పాకల్లో కిక్కిరిసిన ఆ జనం మీద మహమ్మారి విరుచుకుపడింది. ఆ జబ్బు తనకూ సోకి బతికి బయటపడ్డ చరిత్రకారుడు థుసిడిడీస్ ఆ రోజుల్ని రాసిపెట్టాడు. అందులో ఒక సంగతి చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఎవరో పేర్చుకున్న చితి మీద ఇంకెవరో తమవాళ్ల శవాన్ని ముందుగా చేర్చి నిప్పంటించేవారట. మండుతున్న చితి కనిపిస్తే, మోసుకొచ్చిన శవాన్ని దాని మీద పడేసి వెళ్లిపోయేవారట. దేవుడి భయం లేదు, చట్టం భయమూ లేదు. శిక్ష పడేదాకా బతుకుతామన్న ఆశ ఉంటే కదా!

ఈ చరిత్రను గ్రీకు నుంచి ఇంగ్లీషులోకి తెచ్చి 1629లో ప్రచురించినవాడు ఇంగ్లండు తత్వవేత్త థామస్ హాబ్స్. 1642లో అంతర్యుద్ధం ఆయన దేశాన్నే చీల్చింది. 1649లో రాజు తల నరికారు. 1651లో హాబ్స్ పుస్తకం ‘లెవయతాన్’ వెలువడింది. అందరినీ అదుపులో పెట్టే అధికారం లేనిచోట ప్రతివాడికీ ప్రతివాడితో యుద్ధమేనన్నాడు. దండించేవాడు లేకపోతే పెద్ద చేప చిన్న చేపను మింగేస్తుందన్న మన మత్స్యన్యాయమూ దీనికి దగ్గరిదే.

అంతమాత్రాన హాబ్స్ మనిషిని మృగమన్నాడనుకోవడం తొందరపాటు. కలహానికి ఆయన చూపిన కారణాల్లో పోటీ, కీర్తికాంక్షలతో పాటు అపనమ్మకమూ ఉంది. ఉన్నదానితో తృప్తిపడే మనిషి కూడా ఎదుటివాడు మీద పడతాడేమోనన్న శంకతో ముందు తానే చెయ్యెత్తుతాడు. రాత్రి తలుపు గడియ వేస్తాం, ఇంట్లో పెట్టెకు తాళమూ వేస్తాం. తోటివాళ్ల గురించి మనమేమనుకుంటున్నట్టు అని అడిగాడాయన. నాకు ఇదే అసలు మాట అనిపిస్తుంది. వ్యవస్థ కూలేటప్పుడు మంచితనం కంటే ముందు పోయేది, పక్కవాడూ హద్దులో ఉంటాడన్న భరోసా. అది పోయాక మంచివాడికి తన మంచితనమే ప్రమాదంగా కనిపిస్తుంది.

జాలి మనిషికి పుట్టుకతోనే ఉందని 1755లో తత్వవేత్త రూసో వాదించాడు. దానికీ థుసిడిడీస్ పుస్తకంలోనే సాక్ష్యముంది. సోకుతుందని తెలిసీ స్నేహితుల ఇళ్లకు వెళ్లి, వాళ్లను చూసుకుంటూ ప్రాణాలు వదిలినవాళ్లున్నారు. జబ్బుపడి లేచినవాళ్లయితే రోగుల మీద అందరికన్నా ఎక్కువ జాలి చూపారు. ఆ బాధ వాళ్లకు తెలుసు, మళ్లీ తమ ప్రాణం మీదికి రాదన్న ధైర్యమూ ఉంది. భయం తొలగినచోట జాలికి దారి దొరికింది.

2021లో కరోనా రెండో అల మన ఊళ్లనూ ఇలాగే పరీక్షించింది. అయినవాళ్లే దగ్గరికి రావడానికి జంకిన శవాలకు, ముక్కూమొహం తెలియని యువకులు పీపీఈ కిట్లు తొడుక్కుని అంత్యక్రియలు జరిపించారు. జంకినవాళ్లను రాతిగుండెలని తిట్టడానికి నాకు నోరు రాదు. వాళ్లలో చాలామందికి లేనిది ప్రేమ కాదు, ధైర్యం.

మనిషి పుట్టుకతో మంచివాడా, చెడ్డవాడా అన్నది తేలేదాకా ఆగాల్సిన పని లేదు. డబ్బూ పలుకుబడీ చూడకుండా ఆసుపత్రిలో మంచం దొరుకుతుందని, కరువొచ్చినా ఇంటికి బియ్యం అందుతాయని, బలవంతుడి మీద ఫిర్యాదు చేసినా వింటారని జనానికి నమ్మకం కలిగించడమే రాజ్యం చేయాల్సిన మొదటి పని. ఆ నమ్మకం ఆపద ముంచుకొచ్చాక అప్పటికప్పుడు పుట్టదు. మామూలు రోజుల్లోనే, మాట తప్పకుండా, దాన్ని కూడబెట్టుకోవాలి.