బిడ్డల లెక్క

మా వీథిలోని స్త్రీలు కొందఱు ఊరగాయలు పెట్టి అమ్ముచుందురు. ఫోనులోనే ఆర్డరు లిచ్చుటకు వీలుగా వారికి మేమొక చిన్న వెబ్ పుట కట్టి యిచ్చితిమి. దానికి రియాక్టు అను లైబ్రరీ యాధారము. తెరపై గనబడు మీటలను, పెట్టెలను వేఱువేఱు అంగములుగా దీర్చుకొనుటకు ముందే చేసియుంచిన పనిముట్ల సంచి యది. ఏ యంగమునకు అంకె లియ్యవలెనో, దేనికి అక్షరము లియ్యవలెనో తెలుపు నిర్వచనములను టైపు లందురు. ఒకదానికి బదులొకటి యిచ్చినచో, పుట జనుల కందకమునుపే టైపుస్క్రిప్టు భాష తప్పు చూపును.

2022 మార్చిలో రియాక్టు 18వ కూర్పు వెలువడినది. ఏప్రిలులో దాని టైపులును మాఱినవి. ఒక యంగము లోపల నుంచు తక్కిన యంగములకు 'చిల్డ్రెన్' అని పేరు; పేరు బాగుగనే పెట్టినారు. పూర్వము ఎఫ్‌సీ యని చెప్పిన ప్రతి యంగమునకును బిడ్డ లుండవచ్చునని అడుగకయే యొప్పుకొనెడివారు. ఇప్పుడు బిడ్డలు గలవారు గలరని నోట జెప్పవలెను. ఇది న్యాయమే. కాని మేము క్రొత్త కూర్పునకు మాఱిన సాయంకాలము, తెరనిండ ఎఱ్ఱగీతలు చూచి, న్యాయము మాట తలపునకు రాలేదు.

అప్పుడు చేసినపని చెప్పుటకు సిగ్గగుచున్నది. 'ఏదైనను సరే' యను నర్థమున 'ఎనీ' యను మాట యొకటి గలదు. అది పెట్టినచోట పరీక్ష యుండదు. ప్రొయ్యిమీద పప్పు మాడుచున్నది, ఆర్డరులు వచ్చుచున్నవి. చేయునది లేక గీత కనబడిన చోటెల్ల ఎనీ పెట్టితిమి. రెండు వారములకు సీసాల లెక్క వ్రాయు పెట్టెను మార్చితిమి. అందు వ్రాసినది చూపునకు అంకెయే గాని యంత్రమునకు అక్షరము. రెండు సీసాలు కోరినవారు మఱియొకటి చేర్పుమనగా, 2 ప్రక్కన 1 నిలిచి 21 అయినది. పిన్నిగారు 21 ఆవకాయ సీసాలకు మూతలు బిగించి, "ఏమే అమ్మాయీ, ఇన్ని సీసాలూ ఏ పెళ్ళివారికే?" అని యడిగిరి. మాకు నోట మాట రాలేదు.

ఆ యాదివారము పాత కూర్పునకు మరలి, మార్పుల పత్రమును ఆమూలాగ్రము చదివితిమి. మొదటనే చదువవలసినది. పిదప టైపులను మాత్రమే మార్చి, వేఱు పని యేదియు దానితో గలుపలేదు. మేము తెచ్చుకొన్న తేదీల పెట్టె తనవెంట టైపుల పాత ప్రతి నొకదానిని తెచ్చియుండెను. ఒకే యింట రెండు సోల లుండి కొలతలో భేదించినట్లున్నది. ఓవర్‌రైడ్సు అనుచోట ఒకే కూర్పును నిర్ణయింపగా చాల గీతలు తమంతట పోయినవి. సవరణలు చేసిపెట్టు కోడ్‌మాడ్ అను నుపకరణము గలదు. కాని యది అవసర మున్నను లేకున్నను బిడ్డలను అంటగట్టును. కావున ఆ పని చేతితోనే చేసితిమి.

అట్లు ఒక్కొక్క యంగమును చూచుచుండగా, ప్రకటన కని పెట్టిన దొకటి తన బిడ్డను తెరపై జూపకయే మ్రింగుచున్నదని తెలిసినది. పాత టైపులు దానికి సమ్మతించెను. ఆ బిడ్డ యేదనగా, "ఇందు వేరుసెనగ నూనె గలదు, పడనివారు గమనింపవలెను" అను హెచ్చరిక. ఇంతకాలము దానిని చదివినవా రొక్కరును లేరు. ఆ రాత్రియే దానిని పైకి దెచ్చి, అదివఱకు కొన్నవారి కందఱకును ఫోను చేసి చెప్పితిమి. ఎవరికిని కీడు కలుగలేదని వినువఱకు మాకు నిద్ర లేదు.

పిన్నిగారి సీసాలలో మిగిలిన 18 మేమే కొంటిమి.